సూర్యుడికి బిగించిన బోల్టు

జూన్ 29, ఆదివారం

ఇరవై ఏడేళ్ళు ఆర్మీ వర్క్‌షాపులో డ్యూటీ రిజిస్టరు రాసిన చెయ్యి ఇది. ఏ బండి ఎన్ని గంటలకు వచ్చింది, ఏ నట్టు వదులైంది, ఎవరు బిగించారు, అన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. ఇంటికొచ్చి మూడు వారాలైనా ఆ దురద పోలేదు. పెట్టె అడుగున క్యాంటీన్‌లో ఇచ్చిన పాత డైరీ కనిపిస్తే ఇందులో రాస్తున్నాను. ఎవరూ చూడరు కాబట్టి తప్పులు దిద్దుకునే పని లేదు.

0530కి లేచాను. పార్వతి అప్పటికే లేచి ఉంది. కాఫీ నేను పెడతానంటే "మీరు కూర్చోండి" అంది. 0600కి హాసినిని లేపబోయాను. "ఆదివారమండీ, పడుకోనివ్వండి పిల్లని" అంది. 0615కి వంటింట్లో డబ్బాలన్నీ దించి, ఎత్తుల ప్రకారం వరసగా సర్ది, మూతల మీద పేర్లు రాసి కాగితాలు అంటించాను. 0900కి చూస్తే డబ్బాలన్నీ ఎక్కడివక్కడికి వెళ్ళిపోయాయి. కాగితాలు మాత్రం ఉంచింది. పాపం, నేను చిన్నబుచ్చుకుంటానని కాబోలు.

మయూర్ విహార్‌లో ఈ రెండు గదుల అద్దె ఫ్లాటులో వాళ్ళిద్దరూ పన్నెండేళ్ళుగా ఉంటున్నారు. పార్వతికి అశోకా రోడ్డు పక్కన ఆఫీసులో ఉద్యోగం వచ్చేనాటికి హాసినికి ఏడాది. ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఈ పన్నెండేళ్ళూ నేను కొండల మీద కొన్నాళ్ళు, ఎడారిలో కొన్నాళ్ళు గడిపాను. సెలవు దొరికితే ముగ్గురం నేరుగా మా ఊరు వినుకొండ వెళ్ళేవాళ్ళం. ఈ ఇంట్లో వరసగా పది రోజులు ఎన్నడూ లేను. ఇప్పుడు ఢిల్లీ కంటోన్మెంటుకు వేశారు, ఇంటి దగ్గర ఉండి రావడానికి పర్మిషన్ కూడా ఇచ్చారు. ఇదే ఆఖరి పోస్టింగ్ అనుకుని వచ్చాను.

ఆఖరిదో కాదో నేనే తేల్చాలట. మా యూనిట్ హెడ్ క్లర్క్ సాయిప్రకాష్ నిజామాబాద్ మనిషి. శుక్రవారం ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ఇంకో రెండేళ్ళు సర్వీసు పొడిగించుకోవాలంటే 'విల్లింగ్' అని, వద్దంటే 'అన్‌విల్లింగ్' అని రాసి సంతకం చేయాలి. విల్లింగ్ అయితే సెప్టెంబరులో తూర్పు సరిహద్దుకు పోవాలి, ఒక్కణ్ణే. కాదంటే నవంబరు ఆఖరుకు యూనిఫాం విప్పేసి ఇంట్లో కూర్చోవాలి.

"జులై ముప్పై ఒకటి లోపల ఇయ్యాలె కోటయ్యన్నా. వదినెను అడిగి రాయి" అన్నాడు.

పార్వతికి చెప్పలేదు. చెబితే "మీ ఇష్టం" అంటుంది. ఎప్పుడూ అదే మాట. దాంతో నేనేం చేసుకోను?

జులై 2

సంతకం చేయలేదు. ఇంకా చాలా రోజులుంది.

జులై 4

ఒక సంగతి గమనిస్తున్నాను. రోజూ సాయంత్రం ఎనిమిది కాగానే టీవీ గొంతు నొక్కేస్తారు. తల్లీ కూతురూ చెరో ప్లాస్టిక్ స్టూలూ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, దోమలొస్తాయని తలుపు దగ్గరికి లాగుతారు. ఇక అరగంట సేపు గుసగుసలు, నవ్వులు. ఇవాళ నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇద్దరూ ఠక్కున మాట ఆపేశారు. "ఏమన్నా కావాలాండీ?" అంది పార్వతి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. ఏమీ వద్దని వచ్చేశాను.

నాకేం బాధ లేదు. తల్లీకూతుళ్ళన్నాక సవాలక్ష ఉంటాయి.

జులై 6, ఆదివారం

ఇవాళ మంచి రోజు. హాసిని స్కూల్లో ఇరవై ఆరున సైన్సు ఎగ్జిబిషన్ ఉంది. సౌర కుటుంబం ఎలా సమతూకంలో నిలుస్తుందో చూపించాలట. పిల్ల చార్టు మీద బొమ్మ గీయబోతోంది. చార్టు ఏంటి, మోటారు పెట్టి తిరిగే మోడలే చేద్దామన్నాను.

"సచ్చీ, డాడీ?" అంది, నిజంగానా అని. ఈ నాలుగు వారాల్లో నా మొహంలోకి అంత సూటిగా చూడటం ఇదే మొదటిసారి. నేనింకా ఏం చెబుతానో అని కూడా ఆగకుండా చెప్పులు వేసుకుంది.

కశ్మీరీ గేట్ వెళ్ళి పాత వైపర్ మోటారు, నాలుగు బేరింగులు, సైకిల్ చువ్వలు తెచ్చాం. సూర్యుడి కోసం చాలా తిరిగాం. చివరికి ప్లంబింగ్ కొట్లో నీళ్ళ ట్యాంకులో తేలే ప్లాస్టిక్ బంతి దొరికింది. దానికి పసుపు రంగు వేస్తుంటే హాసిని ఒకటే నవ్వు. మధ్యాహ్నం మాత్రం నోట్సు పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"డాడీ, స్కేల్ గలత్ హై."

స్కేలు తప్పట. బంతి అడ్డం పదిహేను సెంటీమీటర్లు. ఆ లెక్కన భూమి ఆవగింజంత, ఉండాల్సింది పదహారు మీటర్ల అవతల. అంటే కింద స్కూటర్లు పెట్టే చోట. గురుగ్రహం గోళీకాయంత, అది కాలనీ గేటు దాటి పాల బూత్ దగ్గర ఉండాలి. నెప్ట్యూన్ మిరియపు గింజ. అది దాదాపు అర కిలోమీటరు దూరంలో, మెట్రో స్టేషను మెట్ల దగ్గర ఉండాలి.

"మెట్రో మెట్ల దగ్గరున్న మిరియపు గింజ ఇక్కడి సూర్యుడి మాట వింటుందా?" అన్నాను.

"సున్‌తా నహీ, డాడీ. ఖీంచ్‌తా హై. దోనో ఏక్ దూస్రే కో."

వినడం కాదట, లాగడమట. ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటారట. నా తెలుగు ప్రశ్నకు హిందీలో జవాబు. పిల్లతో మాట్లాడుతుంటే నాకు కడుపు నిండినట్టుంది. స్కేలు సంగతి వదిలేసి మోటారు బిగించాం.

జులై 8

హాసినితో చిన్న మాట తేడా వచ్చింది. సూర్యుణ్ణి పలక మధ్యలో బిగించకూడదట. గురుగ్రహం బరువు సూర్యుడిలో వెయ్యో వంతే అయినా, అది కూడా సూర్యుణ్ణి కాస్త లాగుతుందట. ఇద్దరూ కలిసి ఒక చోటు చుట్టూ తిరుగుతారు, ఆ చోటు సూర్యుడి అంచుకు కొంచెం బయట ఉంటుంది అంటుంది.

"సూరజ్ భీ హిల్‌తా హై, డాడీ."

సూర్యుడూ కదులుతాడట. "నా మోడల్లో హిలడు" అన్నాను. ఇరవై ఏడేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, మధ్యది కదిలితే పక్కవన్నీ ఊడి చేతికొస్తాయి. పది ఎమ్మెమ్ బోల్టు, స్ప్రింగ్ వాషరు వేసి, చాలక అరాల్డైట్ జిగురు కూడా పూసి బిగించాను. ట్యాంకరు ఎక్కినా కదలదు.

"ఠీక్ హై" అంది. ఆర్మీలో ఠీక్ హై అని ఎన్ని రకాలుగా అంటారో నాకు తెలుసు. ఇది ఠీక్ కాని రకం.

జులై 13, ఆదివారం

బాల్కనీ శుభ్రం చేశాను. పగిలిన కుండీలు రెండు, కూలరు పాత గడ్డి, మూత లేని గులాబీ రంగు సబ్బుపెట్టె ఒకటి, అన్నీ పాత సామాన్లు కొనే కబాడీ వాడికి వేసేశాను. ఆ సబ్బుపెట్టెని గ్రిల్లుకి రాగి తీగతో ఎన్ని చుట్లు చుట్టారో! అడుగున గుడ్డ కూడా పరిచి ఉంది. కటింగ్ ప్లయరుతో తీగ కత్తిరించాల్సి వచ్చింది. ఫినాయిల్ పెట్టి కడిగాక బాల్కనీ ఇన్‌స్పెక్షనుకు తయారైనట్టుంది.

ఎనిమిదికి వాళ్ళిద్దరూ స్టూళ్ళు పట్టుకెళ్ళారు. రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చేశారు. హాసిని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం తినకుండా పడుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"పోనీండి. మీకు తెలీదుగా" అంది పార్వతి.

"ఏం తెలీదు?"

"ఏం లేదులే. తినండి, చల్లారిపోతంది."

జులై 14

హాసిని నాతో మాట్లాడటం లేదు. ఆ ఫోను వల్లేనని నా అనుమానం. ఎప్పుడూ చేతిలో అదే. సాయంత్రం చెప్పాను, ఇకనుంచి 2000 నుంచి 2100 దాకా, అంటే రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, ఇంట్లో ఫోన్లన్నీ సొరుగులో ఉండాలని. క్రమశిక్షణ అనేది ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

పార్వతి గరిటె కింద పెట్టింది. మా పెళ్ళయి పదిహేనేళ్ళు, ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు.

"ఇల్లు యూనిట్ కాదండీ! పన్నెండేళ్ళు మేమిద్దరం..."

అని ఆగిపోయింది. మళ్ళీ గరిటె తీసుకుని కూర కలిపింది. సొరుగు మాట నేను మళ్ళీ ఎత్తలేదు. మిగతా ముక్క నేనే పూర్తి చేసుకున్నాను. పన్నెండేళ్ళు మేమిద్దరం మీరు లేకుండా బాగానే ఉన్నాం, అనే కదా? ఇంకేముంటుంది?

అందులో తప్పేమీ లేదు. నిజమే. గ్యాసు సిలిండరు ఎప్పుడు బుక్ చేయాలో, నీళ్ళు ఎప్పుడొస్తాయో, పిల్లకు ఏ మందు పడదో, అన్నీ ఆమెకే తెలుసు. ఇన్నేళ్ళూ ఇంటికి నేనే ఆధారమని, నా జీతంతో నా పేరుతో ఇల్లు తిరుగుతోందని అనుకున్నాను. వచ్చి చూస్తే ఇల్లు దాని పాటికి అది తిరుగుతోంది. మధ్యలో నేను చెయ్యి పెట్టినప్పుడల్లా గీరుకుంటోంది. పార్వతి మీద నాకు కోపం లేదు. ఇష్టం ఉంది, అదే చిక్కు. ఆమె ప్రశాంతంగా ఉండాలంటే నేను దూరంగా ఉండాలేమో.

జులై 15

విల్లింగ్ అని రాసి సంతకం చేశాను. రెండేళ్ళే కదా. పెన్షను కూడా కాస్త పెరుగుతుంది. అందరికీ మంచిదే. కాగితం మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. రేపు ఇస్తాను.

జులై 16

ఇవ్వలేదు. సాయిప్రకాష్ సీట్లో లేడు.

(ఉన్నాడు. టీ తాగుతున్నాడు. నాతో కూడా తాగించాడు.)

జులై 17

చెప్పకుండా ఇవ్వడం మర్యాద కాదని మధ్యాహ్నం పార్వతి ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో వాళ్ళ సెక్షన్ ఆఫీసరు మనీష మేడమ్ కనిపించింది. నన్ను పోల్చుకుని నవ్వుతూ హిందీలో ఫిర్యాదు చేసింది. మీ ఆవిడ ఆరూ పది దాటితే ఒక్క నిమిషం కూర్చోదు, పన్నెండేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు, సాయంత్రాలు కాస్త ఆలస్యమయ్యే మంచి సీటు రెండుసార్లు ఇస్తే రెండుసార్లూ వద్దంది, అని.

దగ్గర్లోనే మన భోజనం దొరికేచోట వరసలో నిలబడి తిన్నాం. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి. గోంగూర నాకు ఇష్టమని తన గిన్నె కూడా నా వైపు జరిపింది. తనకూ ఇష్టమే. ఆ సంగతి నాకు తెలీదనుకుంటుంది.

"సీటు ఎందుకు వద్దన్నావు?" అన్నాను.

"ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలిగా" అంది అన్నం కలుపుకుంటూ, అందరికీ తెలిసిన సంగతిలా.

హాసిని ఒక్కతే ఉంటుందని కాబోలు. కాగితం సంగతి చెప్పలేదు. నెయ్యన్నం తింటున్న పార్వతి మొహం సంతోషంగా ఉంది. పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

జులై 20, ఆదివారం

హాసిని మాట్లాడింది! మోడల్లో భూమిని తిప్పే కమ్మీ పట్టేస్తోందట, గ్రీజు రాయమంది. రాస్తూ అడిగాను, సూర్యుడు అంత బలంగా లాగుతుంటే ఇవన్నీ వెళ్ళి అందులో పడిపోవేం అని.

"గిర్ రహే హై, డాడీ. హమేషా."

ఎప్పుడూ పడుతూనే ఉంటాయట. కానీ పక్కకు పరిగెత్తుతూ పడతాయి కాబట్టి ప్రతిసారీ తప్పిపోతాయట. పరుగు ఆగితే నేరుగా సూర్యుడిలోకి పోతాయి. లాగడం ఆగితే తిన్నగా ఎటో వెళ్ళిపోయి మళ్ళీ రావు. రెండూ ఉండబట్టే తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ సమతూకం అంటే అన్నీ బిగుసుకుని ఉండటమనుకున్నాను నేను.

పురికొసకు నట్టు కట్టి గిరగిరా తిప్పి చూపించమంది. తిప్పాను. చెయ్యి కదలకుండా పట్టుకుందామని చాలా చూశాను, కుదరలేదు. నట్టు ఎటు పోతే అటు వేళ్ళు కాస్త సాగుతున్నాయి. హాసిని నా చేతి వైపు చూసింది. తర్వాత బోల్టు వైపు చూసింది. మళ్ళీ గ్రీజు డబ్బా అందుకుంది, దొంగపిల్ల.

ఇంకొకటి చెప్పింది. నెప్ట్యూన్ ముందు ఎవరికీ కనపడలేదట. యురేనస్ లెక్క ప్రకారం వెళ్ళాల్సిన దారిలో వెళ్ళకుండా కాస్త తప్పుతోందట. అవతల ఏదో ఉండి దీన్ని లాగుతోందని లెక్కలు కట్టి, అక్కడ వెతికితే నిజంగానే నెప్ట్యూన్ ఉందట. కనపడని దాన్ని, పక్కది పక్కకు జరగడం చూసి పట్టుకున్నారు. బాగుంది కథ.

కాగితం ఇంకా ఇవ్వలేదు. పార్వతి ప్యాంటు ఉతికి, జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది, మడత మడతగానే ఉంది.

జులై 23

ఇవాళ్టిది రాయడం కష్టం. అయినా రాస్తాను.

సాయంత్రం రెండు బండ్లు బ్రేకులు పోయి వచ్చాయి, వదిలి రావడానికి లేదు. ఆలస్యమవుతుందని చెబుదామని ఇంటికి ఫోను చేశాను. గడియారం చూశాను కాబట్టి తెలుసు, 2010 గంటలు. సగం రింగు కూడా కాలేదు.

"హలో!" అని రెండు గొంతులు ఒక్కసారే అరిచాయి.

వెనక టీవీ చప్పుడు లేదు. ఏమీ లేదు. ఒక్క క్షణం నేను కొండ మీద ఉన్నానో ఢిల్లీలో ఉన్నానో తెలియలేదు. రోల్ కాల్ అయ్యాక యూనిట్ ఫోను దగ్గర వరసలో నిలబడి, నా వంతు వచ్చి నంబరు తిప్పితే వినపడే హలో అదే. పన్నెండేళ్ళు అదే.

"మమ్మీ, కాల్ ఆ గయా!" అని హాసిని కేక. తర్వాత గరగరా. మాట తెగిపోతోంది.

"సిగ్నల్ లేదు, బాల్కనీ అంచుకు రండి" అన్నాను.

"అంచునే ఉన్నామండీ. పెట్టటానికి లేదుగా, చేత్తో ఎత్తి పట్టుకున్నా" అంది పార్వతి.

"దేన్లో పెట్టటానికి?"

 హాసినే చెప్పింది.

"సాబున్‌దానీ, డాడీ. ఆప్‌కా కాల్ ఉసీ మే ఆతా థా."

సబ్బుపెట్టె. నా ఫోను అందులోకే వచ్చేదట. ఇంట్లో సిగ్నల్ సరిగా నిలవదు. బాల్కనీ గ్రిల్లు మీద ఆ ఒక్క మూల మాత్రం బాగా వస్తుంది. జారిపోకుండా, గీతలు పడకుండా ఫోనును అందులో పెట్టి, స్పీకరు వేసి, ఇద్దరూ చెరో పక్కా కూర్చునేవాళ్ళు. పన్నెండేళ్ళు నేను ఆ ఇంట్లో లేననుకున్నాను. ఆ సబ్బుపెట్టెలో ఉన్నాను. పది రోజుల కిందట నా చేతులతో నేనే తీగ కత్తిరించి కబాడీ వాడికి వేశాను.

"తిన్నారా?" అంది పార్వతి.

"తిన్నాను" అన్నాను.

తినలేదు. ఏనాడూ తినలేదు. ఫోను వరసా, లంగరులో భోజనాల వరసా ఒకే టైముకి ఉండేవి. నేను ఫోను వరసలో నిలబడేవాణ్ణి. పన్నెండేళ్ళూ ఖాళీ కడుపుతోనే తిన్నానని చెప్పాను, ఎందుకంటే ఆమె రోజూ అడిగేది అదొక్కటే, తినలేదంటే ఆమె కూడా తినదు.

జులై 24

పొద్దున హాసిని స్కూలుకు వెళ్ళాక పార్వతిని కూర్చోబెట్టి అడిగాను. నాకు తెలిసింది రెండు నిమిషాల ఫోనే. మిగతాది ఏంటని.

"మీ వంతు ఎప్పుడొస్తదో తెలీదుగా. ఎనిమిదికి కూర్చుంటే ఎనిమిదిన్నర లోపు ఎప్పుడో మోగేది. మోగని రోజులూ ఉన్నయ్. ఊరికే కూర్చోటం ఎందుకని దానికి ఎక్కాలు అక్కడే నేర్పా. దాని పాలపన్ను ఊడింది అక్కడే. బడిలో ఏం జరిగినా ఆ అరగంటలోనే చెప్పేది, మీరడిగితే ఏం చెప్పాలో ముందే అనుకునేవాళ్ళం. మీరొచ్చాక మానేద్దామనుకున్నాం. ఎనిమిదయ్యేసరికి కాళ్ళు ఆగట్లేదు."

"నేనొస్తే మాట ఆపేశారెందుకు?"

"సిగ్గేసింది. మనిషి ఇంట్లో ఉంటే ఫోను కోసం కూర్చున్నామని ఎట్టా చెప్పమంటారు?" అని నవ్వింది. నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు కాగితం తీసి ముందు పెట్టాను.

"తెలుసు. ఉతికేప్పుడు చూశా" అంది.

"అడగలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశా."

"మీ ఇష్టం అంటావనుకున్నాను."

"అనను. పన్నెండేళ్ళు అన్నాగా, చాలు. నాకు మీరుండాలని ఉంది. డబ్బాలు సర్దినా సరే, ఆదివారం పొద్దున్నే లేపినా సరే. ఉండండి."

 ఆఫీసు టైమైందని లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ వెళ్ళింది.

జులై 25

బోల్టు తీయడానికి రెండు గంటలు పట్టింది. అరాల్డైట్ పూసిన గాడిదను నేనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. చివరికి హాక్సాతో కోశాను. గురుగ్రహం కమ్మీ తిరిగే పళ్ళెం మీదే, నడిమధ్యన కాకుండా, గురుగ్రహానికి ఎదురు పక్కగా ఎనిమిది సెంటీమీటర్లు జరిపి సూర్యుణ్ణి కూర్చోబెట్టాను. ఎంత జరపాలో హాసిని లెక్క వేసి చెప్పింది. మోటారు వేశాం. గోళీకాయ అటు పోతే ఇంత పసుపు బంతీ ఇటు మెల్లగా జరుగుతోంది. దేనికదే తిరుగుతోంది, ఏదీ ఊడి చేతికి రాలేదు.

"సారీ రా" అన్నాను. "సబ్బుపెట్టెకి. బోల్టుకి కూడా."

"ఇట్స్ ఓకే, డాడీ" అని నా గ్రీజు చేతికే తన చెయ్యి రాసింది.

జులై 26

ఎగ్జిబిషన్‌లో కనీసం పది మంది నా దగ్గరికొచ్చి "అంకుల్, సూర్యుడు వదులైపోయాడు, బిగించండి" అని హిందీలో చెవిలో చెప్పారు. మెకానిక్‌కి అంతకన్నా అవమానం లేదు. మార్కులు వేసే మేడమ్ కూడా అదే అంది. హాసిని వీపు నిటారుగా పెట్టి నిలబడింది.

"బీచ్ మే కోయీ ఫిక్స్ నహీ హై, మేడమ్. సబ్ ఏక్ దూస్రే కో పకడ్ కే ఘూమ్ రహే హై."

మధ్యలో ఎవరూ కదలకుండా కూర్చోలేదు, అందరూ ఒకరినొకరు పట్టుకుని తిరుగుతున్నారు అంది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. పార్వతి కొట్టేసింది.

మూడో బహుమతి వచ్చింది. మొదటిది తనంతట తానే నీళ్ళు పోసుకునే కుండీకి ఇచ్చారు. అన్యాయం. రిజిస్టరులో రాస్తున్నాను, అన్యాయమే.

జులై 28

కబాడీ వాణ్ణి పట్టుకున్నాను. సరుకు ఆ రోజే అమ్మేశాడట. బజారంతా తిరిగితే గులాబీ రంగు దొరకలేదు, నీలం దొరికింది. రాగి తీగ పద్నాలుగు చుట్లు చుట్టాను. హాసిని ఫోను పెట్టి చూసి "దో ఇంచ్ లెఫ్ట్, డాడీ" అంది. మొత్తం విప్పి రెండంగుళాలు జరిపి మళ్ళీ చుట్టాను. పార్వతి గుడ్డ ముక్క కత్తిరించి అడుగున పరిచింది.

జులై 31

పాత కాగితం చింపి కొత్త ఫారం అడిగాను. సాయిప్రకాష్ ఏమీ అడగకుండానే ఇచ్చాడు. అన్‌విల్లింగ్ అని రాసి, సంతకం చేసి, తారీఖు వేశాను.

"వదినెను అడిగినవా అన్నా?"

"అడగలేదు. ఆమే చెప్పింది."

"గట్లుండాలె" అని ముద్ర గుద్దాడు. ఇరవై ఏడేళ్ళు వేసుకున్న బట్టల్ని చూసుకుంటే దిగులేసింది. అబద్ధం ఎందుకు, చాలా దిగులేసింది. గేటు దగ్గర సెంట్రీ సెల్యూట్ కొడితే ఒక క్షణం ఎక్కువ నిలబడ్డాను. నవంబరు దాకా ఇంకా కొన్ని సెల్యూట్లు ఉన్నాయి.

ఎనిమిదికి వాళ్ళిద్దరూ స్టూళ్ళు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళారు. మూడో స్టూలు కూడా తీసుకెళ్ళి వేశారు. నేను వెళ్ళలేదు. వంటింట్లో గట్టు మీద మూడు కంచాలు పెట్టాను, అన్నం మీద మూత ఉందో లేదో చూశాను, డబ్బాలు ముట్టుకోలేదు. 2010 కాగానే నా ఫోను తీసి నంబరు నొక్కాను. మూడోసారికి లైను కలిసింది.

సబ్బుపెట్టెలో ఫోను మోగింది. తలుపు సందులోంచి ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పార్వతి వెనక్కి తిరిగి చూడలేదు. ఫోను వైపే వంగి, ఎప్పటిలాగే గట్టిగా, నేను చాలా దూరంలో ఉన్నట్టు మాట్లాడింది.

"హలో! ఎట్టా ఉన్నారండీ?"

"బాగున్నాను. మీరు?"

"బాగున్నాం. తిన్నారా?"

"ఇంకా లేదు" అన్నాను. "మీరు లోపలికి వస్తే ముగ్గురం కలిసి తిందాం."